ఫ్యానుగుట్ట మీద స్క్రీన్‌షాట్

ఒక అమ్మాయి ముఖాన్ని ఫోన్లో పట్టుకోబోయి సొంత మేనమామ చేత వేపకర్రతో దెబ్బ తిన్నవాడు, కాలు విరిగిన తల్లిని మంచంతో సహా గుట్ట ఎక్కించినవాడు, ఒక్క బటన్‌తో సగం ఊరిని పరుగు తీయించినవాడు ఎవరైనా ఉన్నారా అని మీరు ఎక్కడా వెతకనక్కర్లేదు. ఇదిగో, ఇక్కడే కూర్చున్నాను. ఆ దెబ్బ తగిలిన చేత్తోనే ఇది రాస్తున్నాను. అయ్యో పాపం అనుకోకండి. కథ చివరికి వచ్చేసరికి ఇంకో రెండు తగిలినా బాగుండేదని మీరే అంటారు.

ముందు నా పాండిత్యం సంగతి చెప్పాలి. ఎంత ఎత్తు నుంచి పడ్డానో తెలియకపోతే పడటంలో మజా ఉండదు.

పదో తరగతి తర్వాత బడి మానేసి నాయనతో పాటు వేరుశనగ చేలోకి దిగినవాణ్ణి. బడి నన్ను వదిలింది గానీ నేను చదువును వదల్లేదు. మా మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉంది. రెండు గదులు, ఒక ఫ్యాను, కాళ్లు ఊగే బల్ల. వాన రాని ఊళ్లో రైతుకు తీరిక ఎక్కువ. నా తీరికంతా అక్కడే గడిచింది. తేనెటీగల పెంపకం చదివాను. గ్రహణాలు ఎందుకొస్తాయో చదివాను. అగ్నిపర్వతం పక్కన ఇల్లు కట్టుకునేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు చదివాను. ఈత నేర్పే పుస్తకమైతే బొమ్మలతో సహా కంఠస్థం. చెరువు నిండితే మేకను కోసి పండగ చేసుకునే ప్రాంతం మాది. నడుము లోతు నీళ్లు చూసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. అయినా బల్ల మీద బోర్లా పడుకుని చేతులు ఆడించి చూసుకునేవాణ్ణి. ఏ క్షణంలోనైనా ఈదగలనని నా నమ్మకం. నీళ్లదే ఆలస్యం.

ఊళ్లో నన్ను 'లైబ్రరీ సూరి' అనేవాళ్లు. అది బిరుదని చాలాకాలం అనుకున్నాను.

నాకు ఇరవై ఆరో ఏట మడకశిర దగ్గరి ఒక పల్లె నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు భాగ్య. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి లారీ మీద తిరిగే మనిషి. పెంచింది అవ్వ. ఇంటి పెత్తనం, పట్టుపురుగుల పెంపకం, మనవరాలి పెళ్లి, అన్నీ ఆ అవ్వ చేతిలోనే.

చూడటానికి నాయన, ఓబులేసు మామ, నేను ముగ్గురమే పోయాం. ఓబులేసు మామ అంటే మా అమ్మ తమ్ముడు. ధైర్యం ఎక్కువ, ఆలోచన తర్వాత. అమ్మ రాలేకపోయింది. అంతకు వారం ముందే వేరుశనగ కట్టెల మోపు ఎత్తుకుని గట్టు దిగుతూ జారి, కాలు విరగ్గొట్టుకుంది. మోకాలి దాకా పిండికట్టు. బస్సు ఎక్కే ప్రశ్నే లేదు.

ఇక్కడే చిక్కు. మా వైపు పిల్లను అత్త కాబోయే మనిషి కళ్లారా చూసి, తలలో పూలు పెట్టాలి. అప్పుడే మాట ఖాయం. మగవాళ్లు పదిమంది చూసి వచ్చినా అది చూసినట్టు కాదు, మిక్చరు తిని వచ్చినట్టు.

అమ్మ మంచం మీద పడుకుని ఆశగా అడిగింది. "ఎట్లుండాదిరా పిల్ల?"

"బాగుండాది మా" అన్నాను.

"బాగుండాదంటే? నీ పుస్తకాలన్నీ చదివింది ఈ ఒక్క మాట చెప్పేకేనా?"

నాయన వైపు తిరిగింది. నాయన బాగా ఆలోచించి, "కాళ్లూ చేతులూ అన్నీ సరిగ్గా ఉండాయి" అన్నాడు.

"రేయ్ ఓబులేసూ, నువ్వన్నా చెప్పు."

"మిక్చరు బాగుండె అక్కా."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. "మొగం చూడకుండా గొర్రెపిల్లను గూడ ఇంటికి తెచ్చుకోము. కోడల్ని ఎట్ల తెచ్చుకుంటాము? నేను చూడాల. చూడకుండా ఊ అనను."

ఫొటో తెప్పించుకోవచ్చు కదా అని మీరు అంటారు. ఆ మాట నేను అక్కడే అన్నాను. అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఫొటో ఈయము. ఇంతకుముందు ఒక సంబంధానికి ఇచ్చినాము. అది ఎన్ని ఫోన్లు తిరిగిందో ఏమో, సంతలో ఎవురో మా కొడుక్కే చూపిచ్చి, ఈ పిల్ల ఎవురప్పా అని అడిగినారంట. మీయమ్మే వచ్చి చూడాల. ఆదివారం తాడిపత్రి వాళ్లు వస్తాండారు, వాళ్లకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండాది. అంతలోపల మాట చెప్పండి."

పిండికట్టు తీసేది నెల తర్వాత. ఆదివారం వచ్చేది నాలుగు రోజుల్లో.

నాకు అప్పటికే భాగ్య మీద మనసు పడింది. మేం లేచేటప్పుడు నా ఫోన్ అడిగి తీసుకుని, తన నంబరు కొట్టి, ఒక రింగు ఇచ్చుకుని, మళ్లీ నా చేతిలో పెట్టింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అమ్మాయిలు ఇంత తొందరగా పని ముగించరు.

మర్నాడు మాట్లాడితే ఆమే దారి చెప్పింది. "ఫొటో అంటే అవ్వ ఊరుకోదు. వీడియో కాల్ చేయండి. అత్తకే చూపీండి. అత్త నన్ను చూస్తాది, నేనూ అత్తను చూస్తా."

మంచి ఉపాయమే. కానీ మా ఊళ్లో ఫోన్‌కు మాటలు వస్తాయి, మెసేజ్‌లు వస్తాయి, బొమ్మలు రావు. బొమ్మలు రావాలంటే ఫ్యానుగుట్ట ఎక్కాలి. దానికి పాతకాలం పేరు ఏదో ఉండేది. పైన గాలిమరలు నాటినప్పటి నుంచి అందరూ ఫ్యానుగుట్ట అంటున్నారు. ఊరి వైపు నుంచి మేకలు ఎక్కే కాలిబాట, అంతా గుండ్లు. వెనక వైపు గాలిమరల లారీలు పైదాకా పోవడానికి వేసిన వెడల్పాటి కంకర దారి ఉంది. ఆ దారి సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

నాకు గుర్తున్నది గ్రంథాలయం ఒక్కటే. గురువారం అక్కడ దినపత్రిక తిరగేస్తుంటే, నాకోసమే ఎవరో రాసినట్టు ఒక వ్యాసం కనిపించింది. ఫోన్ తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్టుగా బొమ్మ తీసుకునే రకరకాల దారులు. స్క్రీన్‌షాట్లు. పక్క బటన్లు రెండూ కలిపి నొక్కడం ఒకటి. మూడు వేళ్లతో తెరను పైనుంచి కిందికి నిమరడం ఒకటి. అరచేతి అంచుతో అడ్డంగా తుడవడం, వేలి కణుపుతో తట్టడం, ఏమీ చేతకానివాళ్లు నోటితో ఫోన్‌కే చెప్పడం. చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. అమ్మను గుట్ట ఎక్కించడం ఎందుకు? నేను ఎక్కుతాను. భాగ్యతో వీడియోలో మాట్లాడతాను. ముఖం స్క్రీన్‌షాట్ తీసి దిగి వచ్చి అమ్మకు చూపిస్తాను.

ఫొటో వద్దన్నారు కదా అంటారేమో. ఆ శంకకు నా దగ్గర సమాధానం ఉంది. ఫొటో అంటే మనిషిని తీసేది. స్క్రీన్‌షాట్ అంటే నా ఫోన్ గాజును నేను తీసుకునేది. పుస్తకాలు చదివితే ఇలాంటి తెలివి ఊరికే వస్తుంది.

వ్యాసం చివర 'మిగతా 7వ పేజీలో' అని ఉంది. మా గ్రంథాలయంలో పేపర్ రాగానే షీటు షీటుగా విడదీసి పంచుకోవడం అలవాటు. సినిమా షీటు ఒకరికి, ధరల షీటు ఒకరికి. ఏడో పేజీ ఉన్న షీటు వెనక రాశిఫలాలు ఉంటాయి. అది ఎప్పుడూ ఒక రిటైరైన బస్సు కండక్టర్ దగ్గరే.

"అన్నా, ఆ షీటు ఒకసారి ఇస్తావా?"

"ఉండప్పా. నాది మీనం, ఆఖరున వస్తాది. ఇప్పుడు వృషభంలో ఉండా."

"నీ రాశి ఒక్కటే చదవచ్చు గదన్నా."

"పక్కోనికి ఏం రాసిపెట్టినారో తెలీకుంటే నాకు బాగుందో లేదో ఎట్ల తెలుస్తాది?"

బస్సుకు టైమైంది. అయినా ఐదు దారులు తెలిసినవాడికి ఆరోది ఎందుకు అని లేచి వచ్చేశాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. మా వైపు అడుసు కావాలంటే వాన రావాలి, కడగాలంటే ట్యాంకర్ రావాలి. నేను మాత్రం ఆ రెండూ లేకుండానే కాలు పెట్టాను.

శనివారం పొద్దున తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గుట్ట ఎక్కాను. అమ్మకు ఏమీ చెప్పలేదు. బొమ్మ చేతిలో పెట్టి ఆశ్చర్యపరచాలని నా ఊహ. గాలిమర కింద నిలబడి కాల్ చేశాను. వెంటనే ముఖం కనిపించింది. వెనక పట్టుపురుగుల తట్టలు, పచ్చగా మల్బరీ ఆకు. నెమలి రంగు చీర. నేను ఒక్క క్షణం ఐదు దారులూ మర్చిపోయాను.

"అత్త యాడ?" అంది మొదటి మాటగా.

"వస్తాంది" అన్నాను.

"కాలు ఇరిగింది గదా, ఎట్ల వస్తాంది?"

"నిదానంగా వస్తాంది."

"పాపం. నేను మంచి చీర కట్టుకున్నా, అత్త చూస్తాదని."

ఈ మాట దగ్గర మనిషన్నవాడు నిజం చెప్పేస్తాడు. నేను పక్క బటన్లు రెండూ నొక్కాను.

నా ఫోన్ మామ వాడి పారేసింది. ధ్వని తగ్గించే బటన్ ఎప్పుడో రాగిసంగటి తిని మూగపోయింది. రెండో బటన్ ఒక్కటే పనిచేసి తెర ఆరిపోయింది. కంగారుగా మళ్లీ వెలిగించాను.

"మాయమైపోతిరే?"

"మబ్బు వచ్చింది."

"మీ ఊరికి మబ్బా? ఉండమనండి, మేమూ బస్సెక్కి చూసేకి వస్తాం."

రెండో దారి మొదలుపెట్టాను. మూడు వేళ్లు తెర పైఅంచున పెట్టి కిందికి లాగాను. ఆమె ముఖం చిటికెనవేలి గోరంత అయిపోయి మూలకు పోయింది. ముందు కెమెరా కూడా ఆ పైఅంచునే ఉంటుందని నాకు తట్టలేదు.

"ఏందది? నా మొగానికి విభూతి పూస్తాండారా?"

"లేదు లేదు, దుమ్ము. తుడుస్తాండా."

తుడుస్తున్నానని నోటితో అన్నాను కాబట్టి అరచేతి అంచుతో అడ్డంగా తుడవడం కూడా అప్పుడే కానిద్దామనుకున్నాను. కొంచెం గట్టిగా తుడిచాను. అటువైపు ఆమె తల చటుక్కున వెనక్కి పోయింది. మర్యాద కూడా దానితోనే పోయింది.

"యాలప్పా కొడతాండావు?"

"ఈగ."

"ఈగ నీ కాడ ఉండాదా, నా కాడ ఉండాదా?"

చెమట పట్టింది. గుట్ట మీద గాలి ఎంత వీస్తే అంత చెమట. ఇక వేలి కణుపు. టక్ టక్ అని రెండుసార్లు తట్టాను. ఏమీ కాలేదు. ఇంకో రెండుసార్లు.

"ఇప్పుడు మొట్టికాయలా?" అంది. కోపమో నవ్వో తెలియలేదు. వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది. "ఏనే భాగ్యా, యారదు?" ఎవరే అది అని కన్నడంలో అడుగుతోంది.

"ఎవురూ లేదవ్వా. పురుగులకు ఆకు వేస్తాండా" అని కేకేసి, నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. అత్త వస్తాందా, రాలేదా?"

"వస్తాంది, వస్తాంది" అని, మిగిలిన ఆఖరి దారి పట్టాను. ముఖం పక్కకు తిప్పి ఫోన్‌కు చెప్పాను. "స్క్రీన్‌షాట్ తియ్యి." గాలిమర రెక్క ఆ మాటను సగం మింగేసింది. ఫోన్ లోపలి నుంచి తీయటి ఆడగొంతు పలికింది. "క్షమించండి, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు."

భాగ్య ముఖం మారిపోయింది. "ఆ ఆడమనిషి ఎవురు?"

"ఫోన్ లోపల ఉంటాది."

"మీయమ్మ రాలేదు గానీ ఇంకెవురో వచ్చిండారే."

చూశారా, కొండను తవ్వి ఎలుకను పట్టినవాడు నాకంటే నయం. వాడికి ఎలుక అయినా దొరికింది. నాకు బుర్ర పని చేయలేదు. మూగ బటన్‌ను వదిలేసి, పనిచేసే బటన్‌నే దండం పెట్టినట్టు టపటపా నొక్కడం మొదలుపెట్టాను. తెర ఒక్కసారిగా ఎర్రబడింది. భాగ్య ముఖం పోయింది. మధ్యలో పెద్ద అంకె. ఐదు. నాలుగు.

ఇప్పుడు మీరు నా చదువును మెచ్చుకోవాలి. ఫొటో స్టూడియోలో కెమెరా ఇలాగే లెక్కపెడుతుందని నేను చదివాను. ఆహా, దొరికింది అనుకున్నాను. కాలరు సవరించుకున్నాను. చిరునవ్వు పెట్టాను. మూడు, రెండు, ఒకటి. సైరన్ మోగింది.

అంబులెన్సు కూడా అంత గట్టిగా అరవదు. ఫోన్ చేతిలో వణుకుతూ కుయ్యోమంటోంది. మేస్తున్న మేకలు తోక ఎత్తి పారిపోయాయి. సంగతేమిటంటే, ఆపదలో ఉన్నవాడు ఆ బటన్‌ను వరసగా నొక్కితే ఫోన్ సైరన్ కొట్టి, దగ్గరివాళ్లకు మెసేజ్ పంపుతుంది. ఆ దగ్గరివాళ్ల నంబర్లు ముందే ఎక్కించి ఉంచాలి. అంతకు ఆర్నెల్ల ముందు ఇంకో వ్యాసం చదివి నేనే శ్రద్ధగా ఎక్కించాను. నాయన, ఓబులేసు మామ. పుస్తకజ్ఞానంతో నా జీవితంలో తప్పు లేకుండా చేసిన పని అదొక్కటే. ముంచింది కూడా అదే.

ఊళ్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మామ మా ఇంటి ముందు ట్రాక్టర్ కడుగుతున్నాడు. మెసేజ్ వచ్చింది. 'నేను ప్రమాదంలో ఉన్నాను. నాకు సాయం కావాలి.' కింద నేనున్న చోటు గుర్తు, గుట్ట మీద.

మామ గట్టిగా చదివాడు. "గుట్ట మీద ఫ్యాను కాడ ఉండాడు. ఆడ ఇంకేం ప్రమాదం ఉంటాది బావా? కరెంటే. పట్టేసింటాది."

నాయన చేతిలో చెంబు కింద పడింది. అయినా ఆయనకు ఒక అనుమానం వచ్చింది. "కరెంటు పట్టుకున్నోడు మెసేజ్ ఎట్ల రాసినాడు?"

"వాడు చదువుకున్నోడు గదా బావా. ఎట్లైనా రాస్తాడు."

కరెంటు పట్టిన మనిషిని చేత్తో తాకకూడదు, ఎండుకర్రతో కొట్టి విడిపించాలి. ఇది మా ఊళ్లో బోరు మోటార్ ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. మామ కేకలకు వీధంతా పోగైంది, దొరికినవాడు దొరికిన కర్ర పట్టుకున్నాడు. కాలిబాట వైపు పరుగెత్తబోతుంటే, మంచం మీది నుంచి అమ్మ అరిచింది.

"అట్ల పోతే ఎప్పటికి పోతారు? వెనకాల లారీల దావ ఉండాది గదా. ట్రాక్టర్ అట్ల తిప్పండి. నన్ను ఎక్కీండి."

"అక్కా, నీ కాలు..."

"నన్ను ఈడ ఇడిచిపెట్టి పోతే మీ కాళ్లు నేను ఇరగ్గొడతా."

నులకమంచంతో సహా ఎత్తి ట్రాలీలో పెట్టారు.

ఇటు నేను సైరన్ ఆపలేక నానా తంటాలు పడుతున్నాను. ఏది నొక్కినా ఆగదు. రెండు చేతులతో పట్టుకుని, ఒళ్లంతా ఊగేలా ఊపుతున్నాను. ట్రాక్టర్ మలుపు తిరిగి వచ్చేసరికి వాళ్లకు కనిపించింది అదే. గాలిమర స్తంభం పక్కన నిలువునా వణికిపోతున్న నేను, నా చేతుల్లోంచి ఏదో కీచుమని అరుపు.

"పట్టేసింది. పట్టేసింది. ఎవురూ ముట్టుకోవద్దండి" అని అరుస్తూ మామ దూకాడు. "మామా, కరెంటు కాదు" అని నేను అనేలోపే వేపకర్ర నా మోచేతి మీద పడింది. ఫోన్ గాల్లోకి ఎగిరి బోదగడ్డిలో పడింది. సైరన్ ఆగింది. అంతసేపు నా వల్ల కానిది ఒక్క దెబ్బతో అయింది.

"ఇడిపిచ్చినా" అన్నాడు మామ, రొప్పుతూ.

నాయన నా తల, చేతులు, వీపు అన్నీ తడిమి చూశాడు. నా చొక్కా గట్టిగా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమైందిరా?" అని ట్రాలీలోంచి అమ్మ అడిగింది.

ఏం చెప్పను? అందరూ కర్రలు పట్టుకుని నా చుట్టూ చేరారు. సగం చెప్పాను. భాగ్య బొమ్మ నీకు చూపిద్దామని వచ్చానమ్మా అన్నాను. అంతలో గడ్డిలోంచి ఫోన్ మోగింది. మామ భయం భయంగా కర్రతో దాన్ని కదిపి చూసి, తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ ఏదో నొక్కింది. తెర మీద భాగ్య. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అత్తా?"

"నువ్వేనామ్మా భాగ్యా?"

"ఆయనకేమైంది? ఉన్నట్టుండి సైరన్ కొట్టె, మాయమైపాయె. అప్పటి నుంచి చేస్తానే ఉండా, తగల్లేదు."

"ఏమీ కాలేదులే పాపా. వాడు బాగనే ఉండాడు. తెలివి ఒక్కటే కొంచెం దారి తప్పింది." అమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుంది. "కొంచెం ఎలుతురులోకి రా తల్లీ."

భాగ్య వాకిట్లోకి వచ్చింది. ఎండలో చీర మెరిసింది. అమ్మ తనివితీరా చూసి, చివరికి అడిగింది. "చీర బాగుండాది. నెత్తిలో పూలు యాల పెట్టుకోలేదు?"

భాగ్య తల దించుకుంది. "అత్త పెట్టాల గదా. అందుకే పెట్టుకోలేదు."

ట్రాలీ చుట్టూ ఉన్నవాళ్ల కర్రలు నిదానంగా కిందికి దిగాయి. అమ్మ మా పెరట్లో పాత్రలు కడిగిన నీళ్లతో కనకాంబరాలు పెంచుతుంది. కాలు విరిగినా తల్లో పూలు మానలేదు. కొప్పులోంచి మూర తీసి, సగం తుంచి, ఫోన్ తెర మీద భాగ్య జడ ఎక్కడుందో చూసి, జాగ్రత్తగా అక్కడ పెట్టింది. పూలు కెమెరాకు అడ్డం పడి, అటువైపు అంతా నారింజరంగు చీకటి అయిందట. ఆ చీకట్లోనే ఏడ్చానని భాగ్య ఇప్పటికీ చెబుతుంది.

పూలు పక్కకు తీసి, పక్కనున్న ఒకతను ఫోన్‌ను మేమందరం కనిపించేలా ఎత్తి పట్టుకునేసరికి తెర మీద రెండు ముఖాలు ఉన్నాయి. అవ్వ వచ్చేసింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

"ఎవురు ఆ మంచం మీది మనిషి?"

"మా అత్త అవ్వా. కాలు ఇరిగినా నన్ను చూసేకి గుట్ట ఎక్కింది."

అవ్వ కళ్లు చిట్లించి చూసింది. పిండికట్టు, నులకమంచం, వెనక తిరుగుతున్న గాలిమర, చుట్టూ జనం. "మంచంతో గూడానా?"

"మంచంతో గూడా."

నాయన సత్యవంతుడు. "అట్ల కాదు పెద్దమ్మా, నిజానికి మేము కరెంటు..." అని మొదలుపెట్టాడు.

"బావా, గమ్మునుండు" అన్నాడు మామ.

అవ్వ మనవరాలి వైపు తిరిగి అంది. "మీ నాయనకు ఫోన్ చెయ్యి. తాడిపత్రి వాళ్లను రావద్దను. కారులో వచ్చే అత్తలు యాడైనా దొరుకుతారు. మంచం మీద వచ్చే అత్త యాడ దొరుకుతాది?"

భాగ్య కన్నీళ్లు తుడుచుకుని, "అందరూ ఒకసారి ఇట్ల చూడండి" అంది. తెర మీద ఆమె మూడు వేళ్లు పైనుంచి కిందికి, పిల్లి గోడను గీరినట్టు దిగాయి. "అయిపాయె" అంది.

"ఏమైపాయె?" అన్నాను.

"స్క్రీన్‌షాట్. ఇందాకటి నుంచి నువ్వు తిప్పలు పడుతాండింది దీనికే గదా? మొట్టికాయల కాడికి వచ్చేసరికే నాకు అర్థమైంది. అడిగింటే నేనే తీసి పంపిచ్చేదాన్ని."

"అవ్వ ఫొటో వద్దనె గదా."

"అవ్వ వద్దనింది అడక్కుండా చూసేవాళ్లకు. అత్తకు కాదు."

మా పెళ్లి అయింది. పిండికట్టు తీసిన అమ్మ కుంటుకుంటూనే అన్ని పనులూ చేసింది. పెళ్లి ఫొటోలు బోలెడున్నాయి గానీ, మా నడవలో పటం కట్టి ఉన్నది ఆ స్క్రీన్‌షాట్ ఒక్కటే. మంచం మీద అమ్మ, చేతిలో తుంచిన కనకాంబరాలు. పక్కన నా చొక్కా ఇంకా వదలని నాయన. వేపకర్రతో విజయగర్వంగా ఓబులేసు మామ. అందరికంటే వెనక, అందరికంటే పైన నేను, మోచెయ్యి పట్టుకుని నవ్వుతూ. సరిగ్గా ఆ క్షణంలోనే భాగ్య ఫోన్‌కు ఏదో కబురు వచ్చి తెర పైభాగంలో, నా నుదుటి మీదే వాలింది. బ్రహ్మ నా నుదుట ఏం రాశాడో నాకు తెలియదు. ఆ పటంలో మాత్రం అక్షరం తప్పు లేకుండా ఉంది. 'మీ నేటి డేటా దాదాపుగా అయిపోయింది.'

ఆ ఏడో పేజీ కూడా తర్వాత చదివాను. కండక్టర్ అన్న పాత షీట్లలోంచి వెతికి ఇచ్చాడు. మొదటి వాక్యమే ఇది. ఈ దారులన్నీ అన్ని ఫోన్లలో పనిచేయవు, మీ ఫోన్‌కు ఏది వర్తిస్తుందో ముందు చూసుకోండి. రెండోది, పక్క బటన్‌ను పదేపదే నొక్కకండి. షీటు తిప్పితే ఆ వారం నా రాశికి, 'ఎత్తైన ప్రదేశాల్లో అయినవాళ్లను కలుస్తారు' అని ఉంది. కండక్టర్ అన్న నా వైపు ఎంత జాలిగా చూశాడో చెప్పలేను.

కాబట్టి ఫ్యానుగుట్ట మీది గాలిమర సాక్షిగా, ఓబులేసు మామ వేపకర్ర మీద చెయ్యి పెట్టి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మిగతా పేజీ చదవకుండా గుట్ట ఎక్కను. ట్రాక్టర్ దారి ఉండగా తెలివి దారి పట్టను. ఎవరి ముఖమైనా కావాలనిపిస్తే తుడవను, తట్టను, మొట్టను. నోరు తెరిచి అడుగుతాను.

ఇదంతా భాగ్య ఫోన్లోనే రాస్తున్నాను. భాగ్య ఎప్పుడొచ్చిందో నా భుజం మీది నుంచి చదువుతోంది. ప్రమాణం దాకా చదివి, నన్నేమీ అడగకుండానే మూడు వేళ్లతో తెరను కిందికి గీరింది.

"ఏమిటది?" అన్నాను.

"సాక్ష్యం" అంది. "అత్తకు చూపిచ్చేకి పోతాండా."